ఒకే చోటు, ఏడాది పొడవునా: ఇంటి చదువు పిల్లలకు ఆరుబయట రుతువుల పాఠాలు నడపడం ఎలా?

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ముందే చెప్పేస్తాను, మీకు ఒక సంవత్సరం కలిసొస్తుంది. బడికి వెళ్లకుండా ఇంటి దగ్గరే చదువుకునే తొమ్మిది మంది పిల్లల్ని పోగుచేసి, వారానికొక కొత్త చోటు చొప్పున తిప్పాను. ఒక వారం చెరువు, ఒక వారం కొండ, ఇంకో వారం వృక్షశాస్త్ర ఉద్యానం. తల్లిదండ్రులు మెచ్చుకున్నారు, ఫోటోలు కూడా బాగా వచ్చాయి. ఆరు నెలలయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి, "మనం మొదలుపెట్టిన రోజుకీ ఇవాళ్టికీ బయట ఏం మారింది?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, వాళ్లెలా చెప్పగలరు? ఏ చోటునూ రెండోసారి చూడనే లేదు. పోయిన నెల చూసిన చెట్టునే ఈ నెలా చూస్తే తప్ప రుతువు కంటపడదు.

రెండో ఏడాది నుంచి ఒకే చోటును పట్టుకున్నాం. కింద రాసినదంతా ఆ మార్పు తర్వాత నేర్చుకున్నది.

చోటు వెతుక్కోవడం

పెద్ద అడవి అక్కర్లేదు. పిల్లలు ఇరవై నిమిషాల్లో చుట్టి రాగలిగినంత స్థలం చాలు. అందులో వయసు మళ్లిన చెట్టు ఒకటి ఉండాలి. కాస్త నీరుండాలి, కుంట గానీ వాగు గానీ, చివరికి వాన పడితే నిలిచే గుంట అయినా సరే. ఎవరూ గడ్డి కోయని మూల ఒకటి దొరికితే అదృష్టమే. మరుగుదొడ్డి ఎంత దూరమో ముందే చూసుకోండి. ఐదేళ్ల పిల్లలున్న బృందంలో పాఠం ఎంతసేపు సాగాలో తేల్చేది అదే. స్థలం ఎవరిదో కనుక్కుని రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. బహిరంగ పార్కు అయినా సరే, వారం వారం ఇంతమంది పిల్లలు వస్తారని, కొమ్మలు విరవరని, చెత్త వదలరని నిర్వాహకులకు ఒక ఉత్తరం ఇచ్చి రండి. అడిగితే ఆ గడ్డి మూలను కోయకుండా వదిలేయడానికి ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చు.

తర్వాత పిల్లలు లేకుండా మీరొక్కరే రెండుసార్లు వెళ్లి రండి. పాఠం పెట్టబోయే వేళకే ఒకసారి, వాన వెలిసిన మర్నాడు ఇంకోసారి. పిల్లల చూపు నేల మీదే ఉంటుంది కాబట్టి మీరు పైకి చూడండి: ఎండి వేలాడుతున్న కొమ్మలు, తేనెపట్లు, కందిరీగల గూళ్లు. ఆ తర్వాత నీటి లోతు, జారుడు గట్లు, మూత లేని గుంతలు, తాకితే దురద పుట్టించే మొక్కలు, ఫోను సిగ్నలు అందని మూలలు. ఇవన్నీ చేత్తో గీసిన పటం మీద గుర్తు పెట్టుకోండి. మొదటి రోజు ఆ పటం పిల్లల చేతికిస్తే ప్రతి గుట్టకూ రాయికీ వాళ్లే పేర్లు పెడతారు. మా పటంలో 'దెయ్యం రాయి' ఒకటి ఉంది. దానికి ఆ పేరెందుకు వచ్చిందో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఏడాదిని విడతలుగా కోయడం

పుస్తకాల్లో ఉండే నాలుగు బొమ్మల రుతుచక్రాన్ని కాసేపు పక్కన పెట్టండి. కొన్ని ప్రాంతాల్లో ఉన్నవి రెండే కాలాలు, తడి కాలం, పొడి కాలం. కొన్నిచోట్ల నెలల తరబడి నేల మీద మంచే ఉంటుంది. మీ చోట ఏమేం జరుగుతాయో దాన్ని బట్టి ఏడాదిని ఆరేసి వారాల విడతలుగా, నాలుగో ఐదో చేసుకోండి. మధ్యలో రెండు మూడు వారాల విరామం ఉంటే మీకూ ఊపిరి తిరుగుతుంది. ఇంటి చదువు కుటుంబాలకున్న గొప్ప వెసులుబాటు, వారం మధ్యలో జనం లేని ఉదయాన బయటికి వెళ్లగలగడం. దాన్ని పూర్తిగా వాడుకోండి. సెలవుల పట్టిక మనల్ని కట్టేయదు కాబట్టి, తొలి చిగురు ఆలస్యమైతే విడతనూ ఒక వారం వెనక్కి జరపండి.

ఇదంతా పిల్లల కాలక్షేపం అనుకునే పెద్దలకు నేనొక సంగతి చెబుతుంటాను. ఇంగ్లండులోని నార్‌ఫక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో వసంతం వస్తున్న గుర్తులను తేదీలతో రాసుకోవడం మొదలుపెట్టాడు. మొదటి పువ్వు, మొదటి ఆకు, కప్పల తొలి అరుపు, కోకిల కూత, ఇలా 27 రకాల గుర్తులు. ఆయన పోయాక వారసులు ఆ పట్టికను 1958 దాకా కొనసాగించారు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు 9వ శతాబ్దం నుంచీ దొరుకుతున్నాయి. భూమి వేడెక్కుతున్న తీరును లెక్కగట్టేవారికి ఇవాళ ఈ పాత చిట్టాలు ఎంతో పనికొస్తున్నాయి. ఇలా రుతువుల గుర్తులను తేదీలతో గమనించే శాస్త్రాన్ని ఫినాలజీ అంటారు. దీనికి కావలసిన సామగ్రి కాగితం, పెన్సిలు, ఓపిక.

మీ పిల్లలు 27 రాయనక్కర్లేదు. ఐదుగురు సాక్షులను ఎంచుకోమనండి: ఒక చెట్టు, ఒక పొద, ఒక పక్షి, ఒక పురుగు, ఒక నీటి మట్టం. ప్రతి వారం ఒక్కో సాక్షి గురించి ఒక్కో వాక్యం రాస్తే చాలు. చెట్టు ఏ దశలో ఉందో రాయడానికి కొత్త పదాలు వెతుక్కునే పనే లేదు. చిగురు, మొగ్గ, పువ్వు, పిందె, కాయ, దోర, పండు అంటూ మన భాష ముందే వరస కట్టి పెట్టింది. వీటికి ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేస్తే ఏడేళ్ల పిల్లలు కూడా గ్రాఫు గీసేస్తారు.

పిల్లలు, పెద్దలు, కాగితాలు

ఎనిమిది నుంచి పన్నెండు మంది పిల్లలు నా లెక్కలో సరైన బృందం. ఆరుగురికి ఒక పెద్ద మనిషి, నీటి దగ్గరయితే ముగ్గురికి ఒకరు. వయసుల వారీగా విడదీయకండి. పదమూడేళ్లవాడు ఆరేళ్లదానికి భూతద్దం పట్టుకోవడం చూపిస్తే మీ పని సగం తగ్గుతుంది, వాడికి తెలిసిందెంతో వాడికే తెలుస్తుంది. చంకలో చంటిబిడ్డతో వచ్చే తల్లులు ఉంటారు. వాళ్లకు పాఠం బాధ్యత అప్పగించకండి, కూర్చోవడానికి నీడ చూపించండి.

ఉండిపోయే తల్లిదండ్రులతో ఒక చిక్కుంది. పిల్ల ఏదో చూసి నోరు తెరిచేలోగా వాళ్లే జవాబు చెప్పేస్తారు. అందుకని ప్రతి ఒక్కరికీ ఒక పని అంటగట్టండి: ఒకరికి తలల లెక్క, ఒకరికి ప్రథమ చికిత్స సంచి, ఒకరికి గడియారం. ఏ పనీ దొరకనివారికి కూడా ఒక నోటుపుస్తకం ఇచ్చి బొమ్మ గీయమనండి. గీస్తున్నంతసేపూ మాట్లాడరు.

మొదటి రోజుకి ముందే ప్రతి కుటుంబం నుంచి ఒక కాగితం తీసుకోండి. అందులో పిల్లలకు పడని వస్తువులు, వాడే మందులు, అత్యవసరానికి రెండు ఫోను నంబర్లు, ఫోటోలు తీయవచ్చో లేదో ఉండాలి. వాన వస్తే ఏమిటి, ఆలస్యమైతే ఎంతసేపు ఆగుతారు, ఏ పరిస్థితిలో రద్దు చేస్తారు అన్నవి మీరు రాసి ఇవ్వండి. ఇంటి చదువుకు సంబంధించిన నియమాలు దేశానికో రకంగా ఉంటాయి. కొన్నిచోట్ల నమోదు కావాలి, కొన్నిచోట్ల పిల్లల పని నమూనాలు చూపించాలి, జర్మనీలో అయితే దాదాపు అనుమతే లేదు. మీ దగ్గర నియమం ఏదైనా, తేదీతో, గంటలతో, చేసిన పనితో చిట్టా రాసి ఉంచుకుంటే అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

ఒక పూట ఎలా సాగాలి

రెండున్నర గంటలు పెట్టుకోండి. అంతకన్నా తక్కువైతే పిల్లలు ఇంటి హడావుడి నుంచి బయటపడేసరికే సమయం అయిపోతుంది. రాగానే పది నిమిషాలు పరుగెత్తనివ్వండి. ఆ తర్వాత గుండ్రంగా నిలబడి హద్దులు, పిలుపు, తలల లెక్క. పిలుపు అంటే ఈల. మూడుసార్లు మోగితే ఎక్కడున్నా వెనక్కి రావాలి. ఈ ఒక్క విషయంలో నేను బేరాలకు దిగను.

ఇక అసలైన పని, ఎవరి చోట వాళ్లు కూర్చోవడం. ప్రతి పిల్లా పిల్లాడూ ఒక చోటు ఎంచుకోవాలి, ఏడాదంతా అదే చోటు. మీకు కనిపించేంత దూరంలో, ఒకరికొకరు అందనంత ఎడంలో. చిన్నవాళ్లకు ఐదు నిమిషాలు, పెద్దవాళ్లకు పదిహేను. మాటల్లేవు, పుస్తకం లేదు. మొదటి రెండు వారాలూ ఇది ఘోరంగా విఫలమవుతుంది. గడ్డి పీకుతారు, గులకరాళ్లు విసురుకుంటారు, "అయిపోయిందా?" అని అరుస్తారు. మానేయకండి. మూడో నాలుగో వారానికి పక్షులు వాళ్లకు అలవాటు పడతాయి, వాళ్లు నిశ్శబ్దానికి అలవాటు పడతారు.

మా బృందంలో ఆరేళ్ల పాప ఒకతె ఎప్పుడూ కుంట గట్టున రెల్లు పక్కనే కూర్చునేది. ఒక ఉదయం వేళ్ల మధ్య ఏదో పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. లేత గోధుమరంగు పెంకు, ఆరు కాళ్లు, వీపు మీద నిలువునా చీలిక. "చచ్చిపోయిందా?" అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూసి, "లోపల ఎవరూ లేరు" అంది. ఇంకాసేపటికి, "తెల్ల దారాలున్నాయి" అంది. ఆ చీలికలోంచి నిజంగానే సన్నని తెల్లని పోగులు బయటికి వచ్చి ఉన్నాయి. అది తూనీగ విడిచిన పొర. తూనీగ పిల్లదశ అంతా నీళ్లలోనే గడుస్తుంది. ఎదిగాక కాడ పట్టుకుని పైకి పాకి, వీపు చీల్చుకుని రెక్కలతో బయటికి వస్తుంది. ఆ తెల్లటి పోగులు దాని శ్వాసనాళాల లోపలి పొర. ఆ పూటకు నేను వేసుకున్న పాఠం విత్తనాల గురించి. సంచిలోంచి తీయనే లేదు. మిగతా గంటన్నరా పదిమందీ రెల్లు కాడలు వెతికి పదిహేడు పెంకులు లెక్కపెట్టారు.

ఇది చెప్పడం దేనికంటే, మీరు ఒక పాఠం సిద్ధం చేసుకుని వెళ్లాలి, దాన్ని వదిలేయడానికీ సిద్ధపడి వెళ్లాలి. కూర్చున్న తర్వాత నలభై నిమిషాలు ఆ పూట పని, ఆ తర్వాత కనీసం అరగంట ఎవరిష్టం వాళ్లది, చివరి పావుగంట రాత.

ఏ కాలంలో ఏ పని

ఆకులు రాలే కాలంలో రంగుల ఆకులు ఏరి అతికించడం అందరూ చేసేదే. దానికి బదులు ఒక కొమ్మకున్న పది ఆకులకు రంగు దారాలు కట్టించి, వారం వారం ఎన్ని మిగిలాయో లెక్కపెట్టించండి. చలి ప్రాంతాల్లో పగటి పొద్దు తగ్గుతుంటే పత్రహరితం విరిగిపోతుంది, అంతవరకూ దాని చాటున ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయి. చాలా చెట్లలో ఎరుపు మాత్రం అప్పుడే కొత్తగా తయారవుతుంది. ఎండ ప్రాంతాల్లో చాలా చెట్లు నీరు పొదుపు చేసుకోవడానికి ఆకు రాలుస్తాయి. కారణం ఏదైనా, రాలిన చోట మిగిలిన మచ్చను భూతద్దంతో చూడమనండి. మచ్చలో చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఆకుకు నీళ్లు మోసిన గొట్టాలు తెగిన ఆనవాళ్లవి. ఆ మచ్చకు సరిగ్గా పైన వచ్చే విడత మొగ్గ ముందే సిద్ధంగా ఉంటుంది. "చెట్టు చచ్చిపోయింది" అని బెంగపడే చిన్నపిల్లలకు ఇది చూపిస్తే ఇంకేమీ చెప్పక్కర్లేదు.

చలికాలం జాడలకు మంచిది. మెత్తని మట్టి మీదా మంచు మీదా అడుగుల ముద్రలు, ఆకుల్లేని కొమ్మల మీద పాత గూళ్లు. గూళ్లను చూడడమే, తీయకూడదు. చాలా దేశాల్లో అడవి పక్షుల గూళ్లకూ గుడ్లకూ చట్టం రక్షణ ఉంది. ఒక థర్మామీటరుతో గాలి వేడినీ, ఎండుటాకుల దుప్పటి కింది వేడినీ పక్కపక్కనే కొలిపించండి. పురుగులు చలికి ఎక్కడ దాక్కుంటాయో పిల్లలే చెబుతారు.

చిగురు కాలంలో మొగ్గల పొడవు మిల్లీమీటర్లలో కొలవడం, తెల్లవారుజామున పక్షుల పాట వినడం. వారానికొక్కసారైనా మామూలు కన్నా గంట ముందు రండి, తేడా చెవులకే తెలుస్తుంది.

ఎండలు ముదిరితే పని నీడలోకి మారుతుంది. బోడినేల, గడ్డి, చెట్టు నీడ, మూడు చోట్లా నేల వేడి కొలవండి. ఎండలో ఉన్న ఆకుల కొమ్మకు పలచటి ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి కట్టి గంట ఆగండి. సంచి లోపల నీటి చుక్కలు పేరుకుంటాయి. చెట్టు నీళ్లు వదులుతోందని నోటితో చెప్పే అవసరమే రాదు. సంచి విప్పేయడం మరిచిపోకండి. ఒక సాయంత్రం కుటుంబాలన్నీ కలిసి వచ్చి కీచురాళ్లు వినవచ్చు. ఒళ్లు వేడెక్కిన కొద్దీ అవి వేగంగా అరుస్తాయి. 1897లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆమోస్ డాల్బేర్ వాటి అరుపుల లెక్కనుంచి గాలి వేడిని కనుక్కునే సూత్రం ప్రచురించాడు. అది అన్ని జాతులకూ సరిపోదు. మీ కుంట పక్క కీచురాళ్లకు మీ పిల్లలే సొంత సూత్రం కట్టాలి.

వాన రోజుల్లో పాఠం రద్దు చేసే కుటుంబాలను చూస్తే నాకు జాలి. వాన వద్దనుకుంటే ఏడాదిలో సగం రుచి పోయినట్టే. అడుగు చదునుగా, పక్కలు నిటారుగా ఉన్న గాజు సీసాను చెట్లకు దూరంగా పెట్టి, నీరు ఎన్ని మిల్లీమీటర్లు నిలిచిందో కొలవండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. మీరు నిలబడ్డ స్థలం మొత్తం మీద ఎన్ని బకెట్లు కురిసిందో పెద్ద పిల్లలు లెక్కకడితే నోళ్లు తెరుస్తారు. బండల మీద నిలిచిన నీటి చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, పావుగంటకోసారి కొత్త గీత గీయించండి. పొడినేల మీద తొలకరి పడినప్పుడు లేచే వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానికి అందులో పెద్ద వాటా ఉంది.

అన్ని కాలాల్లోనూ నడిచే పని ఒకటి చెప్పి ముందుకు వెళతాను. మీటరు పొడవున్న కర్రను నిటారుగా పాతి, నెలకొకసారి మిట్టమధ్యాహ్నపు నీడ కొస దగ్గర రాయి పెట్టండి. మిట్టమధ్యాహ్నం అంటే గడియారపు పన్నెండు కాదు, ఆ రోజు నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండే క్షణం. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం వల్లే ఆ రాళ్లు ఏడాదంతా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కర్కాటక, మకర రేఖల మధ్య ఉన్నవారికి ఏడాదిలో రెండు రోజులు కర్రకు నీడే ఉండదు. "సూర్యుడు దగ్గరైతే ఎండాకాలం" అని ఎవరైనా అంటే, భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో అని చెప్పి, మిగతా ఆలోచన వాళ్లకే వదిలేయండి.

రాత

పుస్తకం గట్టి అట్టదై ఉండాలి, పెన్ను వద్దు, పెన్సిలే. పేజీ పైన తేదీ, వేళ, ఆకాశం, వేడి. కింద మూడు గళ్లు: చూసింది, కొలిచింది, అడగాలనుకున్నది. బొమ్మ బాగా రాలేదని ఏడ్చేవాళ్లకు చెప్పండి, ఇది బొమ్మల పోటీ కాదు, కాళ్లు ఎన్ని ఉన్నాయో సరిగ్గా గీస్తే చాలని. పేరు చెప్పడానికి తొందరపడకండి. పేరు దొరికిందంటే చూడడం ఆపేస్తారు, నా అనుభవం ఇది. ముందు వాళ్లనే ఒక పేరు పెట్టనిచ్చి, అసలు పేరు మర్నాడు ఇంట్లో వెతకమనండి. ఐనాచురలిస్ట్, ఈబర్డ్ లాంటి ప్రకృతి పరిశీలనల ఆన్‌లైన్ వేదికల్లో చూసినవి నమోదు చేస్తే పరిశోధకులకు కూడా ఉపయోగపడతాయి, అయితే పెద్దవాళ్ల ఖాతాతో, పిల్లల మొహాలు కనిపించని ఫోటోలతో మాత్రమే.

పాఠం ఆపేయాల్సిన వేళలు

ఉరుము వినిపిస్తే అక్కడితో ఆపండి. ధ్వని మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు ప్రయాణిస్తుంది. మెరుపు తర్వాత 30 సెకన్లలోపు ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది. నాలుగు గోడలున్న భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు అక్కడే ఉండండి. చెట్టు కింద వద్దు, గోడల్లేని పందిరి కిందా వద్దు. ఈదురుగాలి వీస్తున్న రోజు పెద్ద చెట్ల కిందికి పోకండి. నీరు పెరిగితే ఆ వైపు హద్దు మూసేయండి.

పుట్టగొడుగులు, తెలియని కాయలు నోట్లో పెట్టకూడదన్నది మొదటి రోజే చెప్పి, ప్రతి విడతలోనూ మళ్లీ చెప్పండి. గడ్డిలో తిరిగిన రోజు ఇంటికి వెళ్లాక చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక పిడుదుల కోసం వెతకమని తల్లిదండ్రులకు గుర్తు చేయండి. రాయి ఎత్తి చూస్తే దాన్ని అలాగే మెల్లగా తిరిగి పెట్టాలి, కింద ఎవరిదో ఇల్లు ఉంటుంది.

ఏడాది తిరిగాక

రెండో ఏడాది మొదటి రోజున కొత్త పాఠమేదీ పెట్టకండి. సరిగ్గా ఏడాది కిందటి పేజీ తెరవమనండి, పుస్తకం పట్టుకుని అదే చెట్టు దగ్గరికి నడవమనండి. మా పిల్లలు అలా నడిచిన రోజున, పోయినేడు "మొగ్గ, 4 మిల్లీమీటర్లు" అని రాసుకున్న కొమ్మకు అప్పటికే ఆకులు విచ్చుకుని ఉన్నాయి. పదకొండేళ్ల కుర్రాడు తేదీ తప్పు రాశాడేమోనని పక్కవాళ్ల పుస్తకాలు లాక్కుని చూశాడు. నలుగురి పుస్తకాల్లోనూ అదే తేదీ ఉంది. కాసేపు చెట్టు వంక, కాసేపు పేజీ వంక చూసి, స్కేలు తీసి ఆకు కొలవడం మొదలుపెట్టాడు.